అక్కచెల్లెళ్ల సంతకం

బీరువాలో పట్టుచీరల కింద దాచే పట్టాదారు పాసుపుస్తకం పల్చటిదే. బయటికి తీసేది పంట రుణానికో, పంపకాలకో. కానీ అందులో ఎవరి ఫొటో ఉందో చూస్తే, ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో చాలావరకు తెలిసిపోతుంది.

ఆ పుస్తకంలోని పొలం హిందూ కుటుంబపు ఉమ్మడి ఆస్తి అయితే, అందులో కూతురికీ పుట్టుకతోనే సమాన వాటా అని ఆంధ్రప్రదేశ్ 1986లో చట్టం చేసింది, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా. అప్పటికే పెళ్లయినవాళ్లకు మాత్రం లేదు. ఆ ఆగస్టులో పెళ్లయిన అక్కకు లేని హక్కు, మరుసటేడు పెళ్లయిన చెల్లెలికి వచ్చింది. ఇద్దరూ ఒకే ఉయ్యాల్లో ఊగినవాళ్లే! 2005లో కేంద్రం చేసిన సవరణ ఆ గీత చెరిపేసింది.

అయినా రిజిస్ట్రారు ఆఫీసులో ఆడపడుచులు హక్కు వదులుకుంటూ సంతకాలు పెడుతూనే ఉన్నారు. బలవంతమా? కొన్నిచోట్ల అదే. చాలామంది లెక్క వేరు. నాన్న పోయాక పుట్టిల్లంటే అన్నయ్యే. శ్రావణమాసపు చీర, కష్టమొస్తే నాలుగు రోజులు తలదాచుకునే గది, రేపు తన కూతుర్ని పెళ్లిగంపలో మోసుకొచ్చే మేనమామ. ఎకరానికి ధర కట్టొచ్చు, వీటికెలా కడతారు? ఇది ప్రేమో భయమో విడదీయడం ఆమెకే చేతకాదేమో. నాకైతే ఆ రెండూ ఒకే బట్టలోని పడుగుపేకల్లా కనిపిస్తాయి.

చట్టం ఆమె మనసు మార్చిందని చెప్పలేను. ఒకప్పుడు ఆమెను అడిగే అవసరమే ఉండేది కాదు. ఇప్పుడు అన్నయ్య కాగితాలు పట్టుకుని చెల్లెలి ఊరికి బస్సెక్కాలి. ఆమె అన్నం వడ్డించి, "పిల్లదాని చదువుంది కదన్నయ్యా, ఆలోచించి చెబుతాను" అనొచ్చు.