నాగార్జునకొండ చూసొద్దాం రండి

మా మాచర్ల నుంచి పాతిక కిలోమీటర్లు పోతే విజయపురి సౌత్. అక్కడ లాంచీ ఎక్కితే ముప్పావుగంటలో నాగార్జునకొండ. చుట్టూ నీళ్ళే! ఆ నీళ్ళ కిందే ఇక్ష్వాకుల రాజధాని ఉందండీ. డ్యాం నీళ్ళు రాకముందు, 1954 నుంచి 1960 దాకా తవ్వి, కొన్ని కట్టడాలను కొండమీదా, అనుపులోనూ తిరిగి నిలబెట్టారు. మిగతాదంతా కృష్ణమ్మ కడుపులోకి పోయింది.

మ్యూజియంలో శిల్పాలు బావుంటాయి గానీ, నా మనసు శాసనాల మీదే ఆగిపోయింది. మహాచైత్యాన్ని బాగుచేయించింది రాజుగారి మేనత్త చాంతిసిరి. బోధిసిరి అనే మరో ఆవిడైతే తను కట్టించినవన్నీ వరసగా రాయించుకుంది. మనం పద్దుపుస్తకంలో రాసుకుంటామే, అలా! ఆ శాసనంలోనే కాశ్మీరం, చైనా, సింహళం పేర్లూ ఉన్నాయి.

శుక్రవారం మ్యూజియం సెలవు. లాంచీ వేళలు ముందే కనుక్కోండి. పులిహోర, మంచినీళ్ళు కట్టుకెళ్ళడం మేలు.