మల్లి ముద్ద ముట్టని రోజులు

నవంబర్ 9, 2024, శనివారం

మా పిల్లి మల్లికి ఆపరేషన్ అయింది. గర్భసంచి, అండాశయాలు తీసేశారు. డొక్క దగ్గర బొచ్చు గీసి కుట్లు వేశారు. నాక్కోకుండా మెడకి కాలర్ కట్టారు. మత్తు పూర్తిగా దిగలేదు, నడుస్తుంటే వెనక కాళ్లు తూలుతున్నాయి. ఈ రాత్రికి తినకపోయినా కంగారు లేదు, రేపటికల్లా తినాలి అన్నారు డాక్టరు గారు.

నవంబర్ 10, ఆదివారం

తినలేదు. గిన్నె వాసన చూసి మూతి తిప్పేసుకుంది. పసరు కక్కింది. బీరువా వెనక దూరి కూర్చుంది. నొప్పెడితే పిల్లి అరవదు, దాక్కుంటుంది.

పిన్ని ఫోన్ చేసి పారాసెటమాల్ ముక్క వెయ్యమంది. ససేమిరా అన్నాను. ఆ మందుని పిల్లి కాలేయం విరిచెయ్యలేదు. రక్తం ప్రాణవాయువుని మొయ్యలేకుండా పోతుంది. చిన్న ముక్కే ప్రాణం తీస్తుంది.

నవంబర్ 11, సోమవారం

కార్తీక సోమవారం. అమ్మ ఉపవాసం. "లంఖణం పరమౌషధం అన్నారు. దాని కడుపునీ కాస్త ఖాళీగా ఉండనీవే" అంది.

మనకి చెల్లుతుందేమో గానీ, పిల్లికి చెల్లదమ్మా అన్నాను. తిండి ఆగితే దాని ఒంట్లో కొవ్వు కరిగి కాలేయానికి చేరుతుంది. అంత కొవ్వుని కాలేయం వాడుకోలేదు. అక్కడే పేరుకుపోయి, కొద్ది రోజుల్లో కామెర్లలోకి దించుతుంది. బొద్దుగా ఉన్న పిల్లులకి ఆ గండం మరీ ఎక్కువ. మల్లి బొద్దు పిల్లే.

పెదవి ఎత్తి చిగుళ్లు చూశాను. తెల్లబడితే లోపల రక్తం పోతున్నట్టు, పచ్చబడితే కాలేయం చెడుతున్నట్టు. రెండూ లేవు. కుట్ల చోటు మాత్రం వాచి, వేడిగా ఉంది. వెంటనే ఆటోలో తీసుకెళ్లాం. జ్వరం 104. పిల్లికి 102.5 దాకా మామూలే. కుట్లకి చీము పట్టిందన్నారు. సెలైన్ ఎక్కించి, వాంతులు ఆగడానికి ఇంజెక్షన్, యాంటీబయాటిక్, పిల్లులకి పనికొచ్చే నొప్పి మందు ఇచ్చారు.

నవంబర్ 12, మంగళవారం

కార్తీకమని ఇంట్లో నీసు వండటం లేదు. అయినా అమ్మే పెరట్లో పొయ్యి వెలిగించి చేపముక్క ఉడకబెట్టింది. ఉప్పూ కారం లేదు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలని చంపుతాయి కాబట్టి అవీ లేవు. ముళ్లు తీసి గోరువెచ్చగా పెట్టాం. వాసన తగిలితే గాని పిల్లికి ఆకలి లేవదు. మల్లి మెడ చాచి కాస్త నాకింది. సాయంత్రానికి ముక్క తినేసింది. అమ్మ దణ్ణం పెట్టుకుంది.

నవంబర్ 20, బుధవారం

కుట్లు విప్పారు. జ్వరం లేదు. ఇప్పుడు గిన్నె ఖాళీ చేసి ఇంకా కావాలంటోంది. ఆపరేషనయ్యాక పిల్లికి ఆకలి పెరుగుతుంది, ఖర్చయ్యే శక్తి తగ్గుతుంది. ఇకమీదట కొలిచే పెట్టాలి.

ఇంత అవస్థ పడ్డా ఆపరేషన్ మంచిదే అంటాను. ఇక ఈతల బాధ లేదు, గర్భసంచికి చీము పట్టే భయం లేదు. ఎదురింటివాళ్లు వాళ్ల పిల్లికి చేయిస్తారట. ఎప్పుడు తిన్నదీ, ఎంత తిన్నదీ కాగితం మీద రాసుకోమన్నాను. ఆపరేషనయిన మర్నాడు కూడా ముద్ద ముట్టకపోతే, ఇంకో రోజు చూద్దామనుకోకుండా డాక్టరుకి ఫోన్ చెయ్యమన్నాను.