మందుకు తోడు పాట

"డాక్టరు గారూ! భ్రాంతి గొలిపే మందు వేసుకుని పాటలు వింటే దిగులు జబ్బు పోతుందట గదా, నిజమేనా?" అని మా తిరుమలగిరి కుర్రవాళ్లు ఈమధ్య నన్ను అడుగుతున్నారు. అందులో నిజం కొంతే. తెలియని మిగతా కొంతలోనే ప్రమాదమంతా ఉంది.

ఎల్.ఎస్.డి. ప్రభావాన్ని స్విట్జర్లాండులో ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1943లో కనిపెట్టాడు. తరువాత అమెరికాలో మానసిక వైద్యులు దాన్ని చికిత్సలో పరీక్షించారు. అక్కడి మేరీలాండులో ఆ పరిశోధనలో పాల్గొన్న హెలెన్ బానీ సంగీతజ్ఞురాలు. వాల్టర్ పాంకే అనే వైద్యునితో కలిసి ఆమె రాసిన వ్యాసం 1972లో వెలువడింది. మందు పట్టక ముందు నుంచి మామూలు స్థితికి వచ్చేదాకా రోగి అనుభవాన్ని ఆరు దశలుగా విడదీసి, ఏ దశకు ఎలాంటి సంగీతం తగునో అందులో చెప్పారు.

ఎందుకింత జాగ్రత్త? రోగి కళ్లకు గంతలు, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని గంటల తరబడి పడుకుంటాడు. అణిచిపెట్టుకున్న దుఃఖం, భయం పైకి పొంగుకొస్తాయి. అప్పుడు సంగీతమే ఊతకర్ర. సరిపడని సంగీతమైతే భయం పెరగనూ వచ్చు.

లండనులో మొండి దిగులు జబ్బుతో ఉన్న 19 మందికి, కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే సైలోసిబిన్ ఇచ్చి చూశారు. ఫలితాలు 2018లో వచ్చాయి. సంగీతం మనసుకు హత్తుకున్నవారికి వారం తరువాత దిగులు ఎక్కువగా తగ్గింది. మందు ఎంత తీవ్రంగా పట్టిందన్నది మాత్రం ఆ తేడాను చూపలేదు. 19 మంది చిన్న లెక్కే అనుకోండి, అయినా ఆలోచించదగ్గ సంగతి.

వాద్యం బలం మన సూర్యాపేట వైపు వారికి వేరే చెప్పాలా? దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో భేరీలు మోగితే, ఏ మందూ లేకుండానే నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. పూనకం వచ్చిన మనిషి పడిపోకుండా పక్కవాళ్లు పట్టుకోవడం మీరూ చూసే ఉంటారు. ఆ చికిత్సలోనూ అంతే. శిక్షణ పొందినవారు రోగిని ముందే పరీక్షించి, చివరిదాకా పక్కనే ఉంటారు.

గదిలో ఒంటరిగా చేసే ప్రయోగానికి ఆ కాపలా ఏదీ? పైగా ఆ మందులు దగ్గర ఉంచుకోవడం మన దేశంలో 1985 నాటి చట్టం ప్రకారం నేరం. ఇంట్లో ఎవరికైనా స్కిజోఫ్రీనియా ఉంటే ప్రమాదం మరీ ఎక్కువ.

దిగులు రెండు వారాలు దాటితే మానసిక వైద్యుణ్ణి కలవండి. 14416కు ఫోను చేసినా సలహా చెబుతారు. వాడే మందులు మీ అంతట మీరు మానవద్దు. రాత్రి దీపం ఆర్పి మీకు నచ్చిన పాట వినండి. దానికి చీటీ అక్కరలేదు. అయితే అది మందుకు తోడే గాని, మందుకు బదులు కాదు.