ఎల్బే ఒడ్డున ఓ గది!

విదేశంలో చదువంటే సీటు, వీసా వస్తే చాలనుకుంటాం. అసలు కథ విమానం దిగాకే మొదలవుతుంది. ఎంఎస్ చేయడానికి జర్మనీలోని మాగ్డెబర్గ్ వెళ్లిన ఓ తెనాలి కుర్రాడి అనుభవాలివి.

మాగ్డెబర్గ్ పేరు మీలో చాలామంది చదివే ఉంటారు. రెండు అర్ధగోళాలను దగ్గరగా చేర్చి, లోపలి గాలి తీసేస్తే గుర్రాల జట్లు చెరోవైపు లాగినా ఊడి రాలేదన్న పాఠం గుర్తుందా? పదిహేడో శతాబ్దంలో ఆ ప్రయోగం చేసిన ఒట్టో ఫాన్ గెరికె ఈ ఊరి మేయరే. నాకు సీటొచ్చిన యూనివర్సిటీకి ఆయన పేరే పెట్టారు.

2024 అక్టోబరు మొదటివారంలో బెర్లిన్‌లో దిగి, రైలెక్కి గంటన్నర పైగా ప్రయాణిస్తే వచ్చిందా ఊరు. నా వెంట రెండు పెట్టెలున్నాయి. ఒకదాన్నిండా అమ్మ సర్దిన పచ్చళ్లూ పొడులే. జేబులో 700 యూరోలు. గది మాత్రం లేదు.

పిచ్చీ పెళ్లీ సామెత

హాస్టల్‌కి ముందే దరఖాస్తు చేశాను. వెయిటింగ్ లిస్టులో ఉన్నావన్నారు. మా కాలేజీ సీనియర్ ఒకన్నయ్య 'వచ్చెయ్ తమ్ముడూ, చూద్దాం' అంటే ఆయన గదిలో నేలమీద పరుపేసుకున్నాను.

ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలో నాకు ట్యూషన్ ఫీజు లేదు. సెమిస్టర్‌కి కొంత చందా కడితే చాలు. కానీ వీసా ఇవ్వాలంటే ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బు ముందే ప్రత్యేక ఖాతాలో వెయ్యాలి. 2024 సెప్టెంబరు నుంచి అది 11,904 యూరోలు. అంటే అప్పటి లెక్కన దాదాపు 11 లక్షల రూపాయలు! నాన్న ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి తెచ్చిన అప్పది. ఆ ఖాతా నుంచి నెలకు 992 యూరోల చొప్పున మాత్రమే మనకిస్తారు. అదీ ఇక్కడ మామూలు బ్యాంకు ఖాతా తెరిచాకే.

బ్యాంకుకి వెళితే, 'ఊళ్లో నివాసం నమోదు చేసుకున్న కాగితం తెండి' అన్నారు. ఇంట్లో చేరిన రెండు వారాల్లోగా అందరూ మున్సిపల్ ఆఫీసులో పేరు రాయించుకోవాలన్నది ఇక్కడి చట్టం. అక్కడికెళితే, 'మీరు ఫలానా ఇంట్లో ఉంటున్నారని ఇంటాయన సంతకం కావాలి' అన్నారు. ఇంటికోసం వెళితే, 'ముందు డిపాజిట్ కట్టండి' అన్నారు. ఆ డబ్బేమో ఖాతాలో ఇరుక్కుంది! పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదన్న సామెత నాకు జర్మనీలో అర్థమైంది. నాన్న ఇంటి కాగితం అక్కడ బ్యాంకులో ఉంది. నాకు ఇక్కడ ఇంటి కాగితం లేదు.

రెండో వారానికి చేతిలో 520 యూరోలు మిగిలాయి. ఆ కంగారులో నెట్‌లో ఓ ప్రకటన కనిపించింది. ఫొటోల్లో గది అద్దంలా ఉంది, అద్దె తక్కువ. 'నేను వేరే దేశంలో ఉన్నాను. 400 యూరోలు పంపితే తాళాలు పోస్టులో పంపుతా' అని మెయిల్. పంపడానికి సిద్ధమైపోయాను. సరిగ్గా అప్పుడు అన్నయ్య గదిలోకొచ్చి ఫోను లాక్కున్నంత పని చేశాడు. 'గది చూడకుండా, తాళం చేతికి రాకుండా పైసా కట్టకు' అన్నాడు. తర్వాత చూస్తే ఆ ప్రకటనే మాయమైంది. ఆ రాత్రి అమ్మ ఫోన్ చేసి 'గది బాగుందా నాన్నా?' అంటే 'చాలా బాగుందమ్మా' అన్నాను. నేలమీద పడుకుని చెప్పిన అబద్ధమది.

ముడి వీడిందిలా...

నాలుగో వారంలో తెలుగువాళ్లే ఉండే ఓ ఫ్లాట్‌లో ఒకరికి మ్యూనిక్‌లో ఉద్యోగమొచ్చి గది ఖాళీ అయింది. తూర్పు జర్మనీ రోజుల్లో కాంక్రీటు పలకలు పేర్చి కట్టిన అపార్టుమెంట్లు అవి. లిఫ్టు లేదు. డిపాజిట్ మూడు నెలల అద్దె అనగానే గుండె జారింది. అన్నయ్య నవ్వి, 'చట్టప్రకారం దాన్ని మూడు వాయిదాల్లో కట్టొచ్చు, అడుగు' అన్నాడు. అడిగాను. అభ్యంతరం లేకుండా ఒప్పుకున్నారు! ఇంటివాళ్ల సంతకం, నమోదు కాగితం, బ్యాంకు ఖాతా... ఒకదాని వెనక ఒకటి వచ్చేశాయి. గెరికె అర్ధగోళాల్లోకి గాలి వదిలితే చాలు, గుర్రాలతో పనిలేకుండానే విడిపోయేవట. నా విషయంలోనూ అంతే.

పదిన్నరకు మిక్సీ!

గదిలో చేరిన మొదటి శనివారం దోసకాయ పచ్చడి చేద్దామనుకున్నా. తాలింపు వేశానో లేదో పైకప్పుకున్న పొగ గంట కుయ్యోమంది. తువ్వాలుతో విసిరి దాన్ని ఆపి, మిక్సీ పెట్టాను. వోల్టేజి మనలాంటిదే, అడాప్టరు ఉంటే చాలు. టైము రాత్రి పదిన్నర. వెంటనే తలుపు చప్పుడు. ఎదురింటి మామ్మగారు గడియారం చూపిస్తూ నిలబడ్డారు. రాత్రి పది దాటితే ఇక్కడ చప్పుడు చెయ్యకూడదు. ఆదివారమైతే రోజంతా అంతే. ఆరోజు దుకాణాలూ మూసేస్తారు. బియ్యం, పాలు శనివారమే తెచ్చుకోకపోతే పస్తే!

మర్నాడు గిన్నెలో పులిహోర పట్టుకెళ్లి, వచ్చీరాని జర్మన్‌లో క్షమించమన్నాను. ఆవిడకు ఇంగ్లిషు రాదు. ఆ తరంవాళ్లు బడిలో నేర్చుకున్నది రష్యన్. మూడోనాడు నా గిన్నె తిరిగొచ్చింది, నిండా రేగుపండంత ఎర్రటి ప్లమ్ పండ్లతో చేసిన కేకుతో. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదన్న పట్టింపు మా అమ్మకే ఉందనుకున్నా! ప్లాస్టిక్‌కి పసుపు డబ్బా, కాగితాలకు నీలం, కూరగాయ తొక్కలకు గోధుమరంగు అని నేర్పిందీ ఆవిడే. ఖాళీ ప్లాస్టిక్ సీసాను సూపర్‌మార్కెట్ యంత్రంలో వేస్తే కొన్నప్పుడు కట్టిన 25 సెంట్లు వెనక్కొస్తాయి. నాలుగు సీసాలైతే ఒక యూరో.

నాలుగింటికే చీకటి

అక్టోబరు ఆఖరి ఆదివారం ఇక్కడి గడియారాలన్నీ గంట వెనక్కి తిప్పుతారు. మనకూ వాళ్లకూ మూడున్నర గంటల తేడా నాలుగున్నరవుతుంది. డిసెంబరు వచ్చేసరికి సాయంత్రం నాలుగింటికే పొద్దు గుంకుతుంది. ఎవరికైనా దిగులేస్తుంది. అలాంటప్పుడు నేను ఎల్బే ఒడ్డుకు వెళ్తాను. జర్మనీ తొలి చక్రవర్తుల్లో ఒకరైన మొదటి ఒట్టో సమాధి ఉన్న పెద్ద చర్చి అక్కడికి దగ్గరే. దాని జంట శిఖరాలు చూస్తూ నడిస్తే మనసు తేలికవుతుంది. 1945 జనవరి 16న బాంబుదాడిలో నేలమట్టమై మళ్లీ లేచిన ఊరిది. దాని ముందు నా నాలుగు వారాల కష్టమెంత!

ఇప్పుడు అక్టోబరు వస్తే స్టేషనుకు వెళ్లేది నేనే. ఈ ఏడాది వచ్చిన తమ్ముడిది గుంటూరు. గది లేదు. నా గదిలోనే పరుపేశాను. ఆ రాత్రి వాళ్లమ్మ ఫోన్ చేస్తే, 'గది చాలా బాగుందమ్మా' అంటున్నాడు. నేను అటు తిరిగి పడుకున్నాను.