శిరివెళ్ల లెక్కల మాస్టారు

సంచికకు నాలుగు మాటలు రాయమని వార్డెన్ సార్ అడిగితే మాకు ముందుగా గుర్తొచ్చింది నంద్యాల హాస్టల్ హాల్లోని టీవీ. ఆదివారం ‘సమరసింహారెడ్డి’ వచ్చిందంటే చాపల మీద చోటుండేది కాదు. జయప్రకాశ్‌రెడ్డి గారు నోరు విప్పితే చాలు, ఈలలే ఈలలు! మా అవ్వాతాతలు మాట్లాడే మాట టీవీలో వినబడటమే మాకు పండగ.

“ఆయన మన శిరివెళ్లాయన రా. గుంటూరులో లెక్కలు చెప్పే అయివారు” అన్నారు సార్ ఒకరోజు. మేము నమ్మలేదు. ఆళ్లగడ్డకు పోయే బస్సు శిరివెళ్ల మెట్టలో ఆగినప్పుడల్లా ఆ మాటే గుర్తొచ్చేది.

తర్వాత తెలుసుకున్నాం. ఆయన 1946లో పుట్టినారు. పగలు బడి, మిగతా వేళ నాటకం. 1988లో ‘బ్రహ్మపుత్రుడు’తో సినిమాల్లోకి వచ్చినారు. అయితే ఆ తొలి రోజుల్లో సినిమా ఆయనకు కూడు పెట్టలేదు. సిగ్గుపడకుండా మళ్లీ బడికే పోయి సుద్దముక్క పట్టినారు. 1997లో ‘ప్రేమించుకుందాం రా’ వచ్చేనాటికి ఆయన వయసు యాభై దాటింది. అసలు పేరు అప్పుడొచ్చింది. 1999లో ‘సమరసింహారెడ్డి’తో ఇంటింటికీ తెలిసిపోయినారు. అయినా నాటకం వదల్లేదు. ‘అలెగ్జాండర్’ నాటకంలో రంగస్థలం మీద ఆయన ఒక్కరే పాత్రధారి.

మా బ్యాచ్‌లో ముగ్గురం పీజీ కోసం వేరే జిల్లాకు పోయినాం. మా ముగ్గురి ఇండ్లలోనూ డిగ్రీ మొహం చూసింది మేమే మొదలు. మొదటి సెమినార్‌లో నోరు తెరవగానే, “ఏమప్పా, బాంబులు తెచ్చినారా?” అని వెనక బెంచీ నవ్వింది. మేము ఈలలు వేసిన గొంతే మా మీద నవ్వుగా తిరిగొచ్చింది. ఆ సెమిస్టరంతా నోరు మూసుకున్నాం.

రాత్రులు ఆలోచించినాం. మా మాటను తెర మీద నిలబెట్టింది ఆయనే. కానీ ఆ మాటను కథలు రాసినోళ్లు కత్తి పట్టినోడికే ఇచ్చినారు. ఆ లోటు ఆయనది కాదు. అదే యాసలో మాట్లాడుతూ మా ఆళ్లగడ్డలో శిల్పులు రాతిని దేవుణ్ణి చేస్తారు. అదే యాసలో మా అమ్మలు కూలికి పోయి మమ్మల్ని చదివించినారు. ఆ కథలు తెర మీదికి రాలేదంటే, చెప్పాల్సింది మేమే గదా! రెండో సెమిస్టర్‌లో మా మాటలోనే సెమినార్ చెప్పినాం. మొదట నవ్వినారు. తర్వాత ప్రశ్నలు అడిగినారు.

2020 సెప్టెంబరు 8న ఆయన గుంటూరులో కన్నుమూసినారు. కరోనా రోజులవి. ఊర్లోనే ఉన్నాం. మా వాళ్లెవరో పోయినట్టనిపించింది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! లెక్క ఒకసారి తప్పితే పలక పగలగొట్టుకోం, తుడిచి మళ్లీ చేస్తాం. ఆ మాస్టారు చేసింది అదే. మీ మాట విని ఎవరైనా నవ్వితే, మాలాగా ఒక సెమిస్టర్ పోగొట్టుకోవద్దు.