కోవళమున కెరటపు స్వారి

చెన్నపట్టణమునుండి తూర్పు తీరపు రహదారిని దక్షిణముగా రమారమి 40 కిలోమీటర్లు పోయినచో కోవళమను జాలరి గ్రామము వచ్చును. కేరళమందలి కోవళము వేఱు, ఇది వేఱు. పేరొక్కటియే యగుటచే మా బంధువులలో సగముమంది మేము తిరువనంతపురము పోయితి మనుకొని, పద్మనాభస్వామి ప్రసాదము తెచ్చితిరా యని యడిగిరి! ఇచ్చట నొకవైపు కార్మెలుమాత దేవాలయము, ఒకవైపు తమీమ్ అన్సారీగారి దర్గా, ఇసుకపై వలలు బాగుచేసికొను జాలరులు, ఎండుచేపల వాసన. పూర్వ మార్కాటు నవాబుల కిచట కోటయు రేవును నుండెడివి. ఆ కోటను 1752లో క్లైవు పట్టుకొనెను. పరిశుభ్రమైన తీరముల కిచ్చు నీలిజెండా గుర్తింపు 2021లో ఈ తీరమునకు లభించినది. ఇంకను 20 కిలోమీటర్లు పోయిన మహాబలిపురపు రాతిగుడులు కలవు గనుక, యాత్రికులు పెక్కుమంది కోవళమును బండి కిటికీలోనుండి చూచి సాగిపోవుదురు. మేము మాత్రము వేసవి సెలవులలో ఐదు దినము లిచ్చటనే నిలిచితిమి. కారణము కెరటము.

పొడవైన పలకపై బోరగిల పరుండి, చేతులతో నీటిని వెనుకకు త్రోయుచు, వెన్నంటి వచ్చు కెరటము నందుకొని, అది పలకను ముందునకు నెట్టునపుడు చటుక్కున లేచి నిలిచి ఒడ్డువైపునకు జాఱి వచ్చుటను ఆంగ్లేయులు సర్ఫింగు అందురు. ఈ విద్య వర్ధిల్లిన చోటు పసిఫిక్ మహాసముద్రమందలి హవాయి ద్వీపములు. అచటివారి భాషలో దీనికి ‘హెఎ నలు’ అని పేరు. అలపై జాఱుట యని యర్థము. నేను కెరటపు స్వారి యని వ్రాయుచున్నాను. ఇంతకంటె చక్కని పేరు తోచిన సోదరి పత్రికకు వ్రాసి పంపిన సంతోషింతును.

హవాయిలో రాజులతోపాటు రాణులును, పురుషులతోపాటు స్త్రీలును అలలపై నాడెడివారు. కమేహమేహ మహారాజు భార్య కాఅహుమను ఈ విద్యలో ప్రసిద్ధురాలు. 1820 మొదలు వచ్చిన క్రైస్తవ బోధకులకు ఈ యాట రుచింపలేదు. అంతకంటె ఘోరముగా, పరదేశములనుండి వచ్చిన వ్యాధులు ఆ జనమును తుడిచిపెట్టినవి. ఆడువారే కఱవైనపుడు ఆట యెట్లు నిలుచును? గత శతాబ్దారంభమున వైకీకీ తీరమున నది మరల చిగిర్చినది. అపరాధ పరిశోధక నవలలు వ్రాసిన అగాథా క్రిస్టీని మీ రెఱుగుదురు గదా. ఆమె 1922లో భర్తతో ప్రపంచయాత్ర చేయుచు వైకీకీలో పలకపై నిలుచుట నేర్చెను. అప్పటి కామెకు 31 ఏండ్లు. అలలు ఆమె పట్టు స్నానవస్త్రమును చింపివేయగా, హోటలు దుకాణమున పచ్చని ఉన్ని వస్త్రము కొని తొడిగికొనెనట. సముద్రములో ఉన్ని యేమిటో నాకు బోధపడలేదు గాని, ముప్పది దాటిన స్త్రీ యీ పనికి పూనుకొనినదని చదివి నాకు ధైర్యము కలిగెను. నా వయస్సు 34.

మన దేశమున ఈ విద్య బహుకాలమునుండి ఉన్నది కాదు. మణిపాలులో చదువుకొనుచు 2007లో అభ్యాసము మొదలిడిన ఇషితా మాళవీయను తొలి భారతీయ వృత్తి క్రీడాకారిణిగా చెప్పుదురు. మహాబలిపురపు కమలీ మూర్తి అను బాలికపై 2019లో ఒక చిన్న చలనచిత్రము వచ్చినది. ఆమె పిదప జాతీయపు పోటీలలో నెగ్గినది. కోవళమున నీ విద్యకు పాదు చేసినవాడు ఈ యూరిలోనే పుట్టిన జాలరి మూర్తి మేగవన్. 2012లో ఇచ్చట పాఠశాల వెలసినది. నేడు నేర్పువారిలో పెక్కండ్రు జాలరుల బిడ్డలే. మన విశాఖ యొద్ద ఋషికొండ తీరమునను ఈ యాట కలదు.

చిన్ననాడు మా తాతగారు నాకు భారత భాగవతములతోపాటు ఈతయు నేర్పిరి. నడుమునకు బెండ్లు కట్టి దిగుడుబావిలో దింపెడివారు. పన్నెండవ యేట, ఇక చాలునని పెద్దలు మాన్పించిరి. పుస్తకములు మిగిలినవి, ఈత పోయినది. మా అమ్మాయికి ఇప్పుడు పదునొకండవ యేడు. మా పట్టణపు ఈతకొలనుకు పోయెదనని అది యడుగగా, “ఆడపిల్ల కెందుకమ్మా” అని మా అత్తగా రనిరి. మావా రుపాధ్యాయులు, బడిలో పిల్లల కెన్నియో చెప్పుదురు గాని తల్లియెదుట నోరు మెదపలేదు. నేనును మెదపలేదు. అంతలో చెన్నపట్టణమున చదువుచున్న మా అన్నగారి కూతురు, “అత్తా, నేను కోవళంలో నేర్చుకున్నాను, నువ్వూ రా” అని పిలిచినది.

ప్రొద్దెక్కిన కొలది గాలి లేచి నీరు చెదరును గనుక ఉదయ మాఱుగంటలకే పాఠము. చీరతో ఈ పని సాగదు. నీరు త్రాగిన కుచ్చెళ్లు కాళ్లకు సంకెలలగును. మణికట్టువఱకు చేతులు గల బిగుతైన చొక్కాయు, మోకాలి క్రిందివఱకు వచ్చు లాగును ధరించితిని. మా గురువు ఇరువది రెండేండ్ల జాలరి యువకుడు. అతని తమిళమును మా మేనకోడలు నాకు విడమరచి చెప్పుచుండెను. మొట్టమొదట నన్ను నిలువుమని, చెప్పకయే వెనుకనుండి మెల్లగా నెట్టెను. తూలి యెడమకాలు ముందు వేసితిని. “సరే అక్కా, ఎడమకాలే ముందు” అనెను. ఏ కాలు ముందుండవలెనో తెలియుటకు అదియే పరీక్షయట!

పిమ్మట ఇసుకలో పలక ఆకారము గీసి దానిపై పరుండబెట్టెను. అఱచేతులు ప్రక్కటెముకల యొద్ద నానించి, ఒక్క యూపున లేచి, మోకాళ్లు వంచి నిలువవలెను. మోకాళ్లపై ఆగి లేచుట అలవాటైనచో తరువాత మానుట కష్టమట. ఇసుకలో ఇరువదిసార్లు లేచునప్పటికి నాకు ఊపిరాడలేదు. తిరుగలి, రోలు త్రిప్పిన చేతులు మా అమ్మమ్మగారివి. మిక్సీ మీట నొక్కు చేతులు నావి.

నేర్చువారి పలక తొమ్మిదడుగుల పొడవు, మెత్తని పైపూత గలది. వెనుక నుంచు కాలి చీలమండకు దానిని త్రాటితో కట్టుదురు, పడినపుడు పలక కొట్టుకొనిపోకుండుటకు. నడుములోతు నీటిలోనే తొలి పాఠములు. పలకను ఎన్నడును అలకును తమకును నడుమ అడ్డముగా నుంచరాదు; అల దానిని ఎత్తి మొగముపై వేయును. పడునపుడు తలక్రిందులుగా దుముకరాదు. వెడల్పుగా పడి, చేతులతో తల కాచుకొని పైకి రావలెను.

అలతోపాటు నీరును దూరమునుండి వచ్చుచున్నదని మనము తలంతుము. గాలికి వరిచేను ఊగునపుడు తరంగము చేనంతయు దాటిపోవును. మొక్క ఉన్నచోటనే యుండును. సముద్రమును అంతే. ఎచ్చటనో వేల కిలోమీటర్ల దూరమున తుపాను లేపిన కదలిక ఇచటికి వచ్చును. నీరు తన చోటనే గుండ్రముగా తిరుగును. నీటిలోతు అల యెత్తునకు కొంచె మెచ్చుగా నున్నంత వఱకు తగ్గినపుడు అల తల వ్రాలి విఱుగును. ఆ విఱిగిన తెల్లని నురుగే మావంటివారికి బండి. విఱుగని పచ్చని యల నెక్కుట ముదిరిన విద్య.

మొదటి గంటలో పదునేడుమార్లు పడితిని. మా అమ్మాయి ఒడ్డున గవ్వలు పేర్చి లెక్క పెట్టెను. మావారు తువ్వాలు పట్టుకొని నిలిచి, పడినప్పుడెల్ల ఒకడుగు ముందుకు వేసి, తల కనబడగానే వెనుకకు పోవుచుండిరి. ముక్కులో ఉప్పునీరు, కన్నులలో మంట, మోచేతులకు ఒఱపిడి. ఆ యువకుడు మాత్రము నా వంక చూడక సముద్రపు వంకనే చూచుచుండెడివాడు. “ఇది వద్దక్కా, దీని వెనకది” అనెడివాడు. నాకు గీత యైన కనబడనిచోట అతనికి అల కనబడెడిది. అలలు గుంపులుగా వచ్చుననియు, గుంపునకు గుంపునకు నడుమ సముద్రము విశ్రమించుననియు అప్పుడు తెలిసినది. అతని తాతలు తెప్పలపై ఈ నురుగును దాటి పోవుచు, దీనిపైననే ఒడ్డునకు జాఱి వచ్చుచు బ్రతికినవారు. ఆ చూపు అచటిది. బడి మానిన పిల్లవాడని యెవరైన అతనిని చిన్నచూపు చూచిన నాకు కోపము వచ్చును.

రెండవనాడు అతడు చెప్పిన మాట ప్రతి తల్లియు వినదగినది. అలలు బలముగా విఱుగుచుండగా నడుమ నొకచోట నీరు నిశ్చలముగా, కొంచెము నల్లగా నుండెను. నేను అచట దిగిన సుకరమనుకొంటిని. “అక్కడే చావు” అని యతడు చేయి చూపెను. ఒడ్డునకు వచ్చిన నీరంతయు ఆ పాయగుండ వేగముగా లోనికి మరలును. దానిలో చిక్కినవారు ఒడ్డునకు ఎదురీది అలసి మునుగుదురు. చేయవలసినది ఎదురీదుట కాదు. తీరమునకు సమాంతరముగా ప్రక్కకు ఈది పాయ దాటి, అలలతో ఒడ్డు చేరవలెను. ఈత రానివారు అచట దిగనే రాదు. పర్వదినములలో పిల్లలచేయి పట్టుకొని సముద్రస్నానమునకు దిగుదుము; అల లేనిచోటు చూచి దిగుదుము! ఈ మాట విని నా గుండె ఝల్లుమన్నది. 2004 డిసెంబరు 26 నాటి ఉప్పెనను ఈ తీరమువారు మఱువలేదు. వారికి సముద్రముపై భయమున్నది, భయముతోపాటు తెలివియు నున్నది. మనకు భయ మొక్కటియే.

మూడవనాటి యుదయమున, ఎన్నవ యలయో గవ్వలకే తెలియును, పలక క్రింద ఏదో చేయి పట్టి ఎత్తినట్లు తోచెను. “ఇప్పుడు!” అని కేక. లేచితిని. కాళ్లవంక చూడవలదని యతడు చెప్పి యుండుటచే దేవాలయపు శిఖరము వంక చూచితిని. అది నాకెదురుగా వచ్చుచుండెను. గాలి చెవులలో మ్రోగెను. అయిదాఱు క్షణములకంటె నుండదు. ఇసుకలో పలక ఆగి నేను కూలబడితిని. మావారు తువ్వాలు నీటిలో పడవేసి చప్పట్లు కొట్టుచుండిరి.

గంప దింపుకొని చూచుచున్న ఒక జాలరి స్త్రీ దగ్గఱకు వచ్చి, “కళ్లు మండలేదా?” అని యడిగి నవ్వెను. మీరెప్పుడైన ఎక్కితిరా యంటిని. మగవారు సముద్రములోనికి, ఆడువారు అంగడికి పోవుట వారి యాచారమట. “నా కొడుకు రోజూ ఎక్కుతాడు. కూతురు అడిగితే ఇంకా ఏమీ చెప్పలేదు” అనెను. మే మిరువురమును కొంతసేపు ఊరక నీటివంక చూచుచు నిలిచితిమి.

మరునాడు మా అమ్మాయి ఈత చొక్కా తొడిగికొని దిగెను. ఈత రానిదే పలక వలదని యువకుడు గట్టిగా చెప్పుటచే, దానికి మోకాలిలోతున మునుగుట తేలుటయే పాఠము. మా పట్టణపు కొలనులో చేర్చుటకు జూను మొదటివారమున రుసుము కట్టుదమని మావారే యనిరి. ఆ సాయంకాలమే తల్లికి ఫోను చేసి ఆ సంగతి తామే చెప్పిరి. అత్తగారు కొంతసేపు పలుకలేదు. పిదప ఫోను పిల్లకిమ్మని, జడలు విప్పి తల బాగుగా ఆరబెట్టుకొన్నదో లేదో యడిగిరి.