హన్నా అన్నం తిన్నది

అడిక్‌మెట్‌లో మా గది గోడలు పల్చన. పక్కవాళ్ళు దగ్గినా వినపడుతుంది. అందుకే ఊరి నుంచి వచ్చినప్పుడు అమ్మ గొంతెత్తి ప్రార్థన చేయదు. తెల్లారుజామున చాప మీద మోకాళ్ళూనుతుంది. పెదాలు కదులుతాయి, మాట మాత్రం బయటికి రాదు.

నేను మూడేళ్ళుగా చదువుతున్న పరీక్ష రెండోసారి రద్దయిన మర్నాడు కూడా అలాగే కూచుంది. ఇక్కడ అలాంటి వార్త ఒక్కరికే రాదు. తార్నాక నుంచి విద్యానగర్ దాకా గదుల్లో, మెస్సుల్లో, యూనివర్సిటీ లైబ్రరీ దగ్గర చెట్ల కింద మెటీరియల్ పరుచుకున్న అందరికీ ఒకేసారి వస్తుంది. నేను ఏడవలేదు. తినడం మానేశానంతే.

అమ్మ పెదాలు చూస్తుంటే సండే స్కూల్లో విన్న హన్నా గుర్తొచ్చింది. ఫోన్లో సమూయేలు మొదటి గ్రంథం తెరిచాను. ఎల్కానాకు ఇద్దరు భార్యలు. పెనిన్నాకు పిల్లలున్నారు, హన్నాకు లేరు. ఏటా షిలోహుకు మొక్కడానికి వెళ్ళినప్పుడల్లా పెనిన్నా దెప్పుతుంది, హన్నా ఏడ్చి అన్నం మానేస్తుంది. పదిమంది కొడుకుల కన్నా నేను మేలు కాదా అంటాడు భర్త. ప్రేమగానే అంటాడు. కానీ ఆమె అడుగుతున్నది అది కాదు.

మందిరంలో శబ్దం లేకుండా కదిలే ఆమె పెదాలు చూసి, తాగొచ్చిందనుకుంటాడు యాజకుడు ఏలీ. ఆమె తలొంచుకుని పోదు. తాగలేదనీ, గుండెలో బాధ దేవుడి ముందు పారబోస్తున్నాననీ చెబుతుంది. తర్వాతి కాలపు యూదు పండితులు ప్రార్థన ఎలా చేయాలో తాల్ముద్‌లో ఈమె నుంచే నేర్పారు: పెదాలు కదలాలి, గొంతు పైకి రాకూడదు. తాగుబోతు అనిపించుకున్న మనిషే పాఠమైంది.

ఓపిగ్గా అడిగితే దేవుడిస్తాడని మాకు చెప్పిన నీతి. ఓపిగ్గా అడిగి అడిగి వయసు దాటిపోయినవాళ్ళను ఇక్కడ చూశాక అది నాకు మింగుడుపడదు. కానీ ఈసారి, చిన్నప్పుడు పట్టించుకోని ఒక సంగతి కనపడింది. ఏలీ దీవించాక హన్నా వెళ్ళి భోజనం చేస్తుంది. ముఖంలో దిగులు పోతుంది. అప్పటికింకా ఏమీ జరగలేదు. పెనిన్నా అక్కడే ఉంది, హన్నా ఒడి ఖాళీగానే ఉంది. సమూయేలు పుట్టేది ఆ తర్వాత.

అమ్మ లేచి పళ్ళెంలో అన్నం, పప్పు పెట్టి నా ముందుకు తోసింది.

"తిను బిడ్డా."

"మళ్ళెప్పుడు పెడ్తరో, అసలు పెడ్తరో లేదో అమ్మా."

"పెట్టనీ, పెట్టకపోనీ. నువ్వైతే తిను."

హన్నాకు కొడుకు పుట్టాడు కాబట్టి ఆమె కథ మనదాకా వచ్చింది. అడిగినా దొరకనివాళ్ళు కూడా ఆ మందిరం గడప దగ్గర ఉండే ఉంటారు. వాళ్ళ పేర్లు ఏ గ్రంథంలోనూ లేవు. వాళ్ళ గురించి ఆలోచించకుండా నేనీ కథను నమ్మలేను. హన్నా కూడా మాట ప్రకారం కొడుకును మందిరానికే ఇచ్చేసింది. ఆ తర్వాత ఏటా వాడికో చిన్న అంగీ కుట్టుకుని, ఒకప్పుడు ఏడుస్తూ వెళ్ళిన దారినే మళ్ళీ వెళ్ళింది.

అమ్మకున్నంత విశ్వాసం నాకుందో లేదో తెలియదు. ఆ పొద్దున మాత్రం పళ్ళెం ఖాళీ చేశాను. అమ్మను బస్సెక్కించి, ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి లైబ్రరీకి నడిచాను. చెట్ల కింద నిన్నటివాళ్ళే కూచుని ఉన్నారు. ఒకమ్మాయి టిఫిన్ డబ్బా మూత తీస్తూ, కొంచెం జరిగి నాకు చోటిచ్చింది.